సీటు గొట్టం మీద మూడు చుక్కలు

వెయ్యి సైకిళ్ళ మధ్యలో నిలబెట్టినా మా బాపు సైకిలును కళ్ళు మూసుకొని పట్టుకోగలిగినవాణ్ణి నేను, అదీ నడక సరిగ్గా రాని వయసులో. ఈ మాట గోదావరిఖని చాయ్ హోటళ్ళలో చాలాసార్లు చెప్పాను. ఎవరూ కాదనలేదు, కాదనగలిగినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. మొన్న మొయిన్ దుకాణంలో ఆ సైకిలు ఫ్రేమునే కిరసనాయిలు గుడ్డతో తుడుస్తుంటే, పాత ఇనుమూ పాత రంగూ కలిసిన వాసన ముక్కుకు తగిలి, మళ్ళీ అదే మాట నోట్లోంచి వచ్చింది. మొయిన్ తుడుస్తూనే ఉన్నాడు.

అతను మా వెనక సందులో సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. బాపు పోయినప్పటినుంచి రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న ఫ్రేమును మోసుకొచ్చి, చక్రాలు వేసియ్యి, మళ్ళీ తొక్కుతానని అడిగాను. అతను దాన్ని తలకిందులు చేసి, బొటనవేలితో ప్రతి అతుకూ తడిమాడు. అడ్డ కమ్మి మీది సొట్ట చూసి ఏమైందన్నాడు. మంథని అడవిలో ఎలుగుబంటి కొట్టిందని చెప్పాను. నిజానికి మా బర్రె దాని మీద పడుకుంది. ఎలుగుబంటి అయినా బర్రె అయినా సొట్ట ఫరవాలేదన్నాడు మొయిన్. మెడ దగ్గరి తుప్పు కూడా పైపైనే. సీటు గొట్టం అడ్డ కమ్మితో కలిసేచోట మాత్రం వెంట్రుకలాంటి పగులు కనిపించింది.

"కాక, గిది అతుకకుంట ఎక్కితివంటే నువ్వు దవాఖానల ఉంటవ్, సైకిల్ నా దుకాణంల ఉంటది."

"అయితే అతుకు."

"గ్యాస్ వెల్డింగ్ పెడత. కానీ జానెడు కిందిదాంక రంగంత కాలిపోతది. మళ్ల నన్ను తిట్టద్దు."

ఆ జానెడులోనే నాకు కావలసింది ఉంది, ఉంటే. సైకిలు తొక్కాలంటే అది పోవాలి, అది ఉండాలంటే సైకిలు గోడకు వేలాడాలి. ముందు ఉందో లేదో చూద్దామని, బ్లేడు అంచుతో పై రంగు గీకడం మొదలుపెట్టాను.

పైన ఉన్నది నలుపు. బాపు ఉద్యోగం నుంచి దిగిపోయిన మర్నాడే వేసిన రంగు అది. దాని కింద ఆకుపచ్చ, దానికీ కింద ఫ్యాక్టరీ వేసిన అసలు నలుపు, అందులో బంగారు గీత ఒకటి. ఆ ఆకుపచ్చ కొద్దిగా బయటపడగానే మా బొగ్గుగని కాలనీ మొత్తం బయటపడినట్టయింది. క్వార్టర్ల తలుపులన్నీ ఆ రంగే. తలుపులకు రంగులేసేవాళ్ళు వచ్చిన ఏడాది డబ్బాల అడుగున మిగిలినది ఏ ఇంటికి ఆ ఇంటికి దక్కేది. అది మొదట సైకిలుకు, తర్వాత ట్రంకు పెట్టెకు, ఇంకా మిగిలితే బతుకమ్మను పేర్చే పీటకు. పొద్దున లేస్తే వరసవరసకూ బొగ్గుల పొయ్యిల పొగ, ఆ పొగలోంచి ఒకే రంగు తలుపులు తెరుచుకొని ఒకే రంగు సైకిళ్ళు బాయి దారి పట్టేవి. గనిని మేము బాయి అంటాము, నాన్నను బాపు, అమ్మను అవ్వ. వానాకాలం కాలువల్లో నల్లటి నీళ్ళు పారుతుంటే మేము కాగితం పడవలు వేసేవాళ్ళం, తెల్ల కాగితం మూల తిరిగేలోపే బొగ్గు రంగుకు మారేది. దసరా నాడు సైకిళ్ళు కడిగి, బంతిపూల దండలు వేసి, హ్యాండిలుకు కుంకుమ పెడితే అవి కొత్త కోడళ్ళలా సిగ్గుపడి నిలబడేవి. అవ్వ రొట్టెలు నలిపి చేసిన మలీద ముద్దలోని బెల్లమూ నెయ్యీ అరచేతికి అంటుకుంటుంటే, ఆ చేతులతోనే సైకిలు గంట కొట్టి దెబ్బలు తినేవాళ్ళం.

వేళకు మోగే సైరన్‌ను ఎవరూ పట్టించుకునేవారు కాదు. వేళ కాని వేళ మోగితే ఆడవాళ్ళు పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలి బాయి దగ్గరి సైకిల్ స్టాండుకు ఉరికేవారు. సైకిలు స్టాండులో ఉంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. లేకుంటే పైకొచ్చి ఇంటిదారి పట్టినట్టు. ఆఫీసులో చెప్పేదాకా ఎవరు ఆగుతారు?

ఒక మధ్యాహ్నం అట్లాగే మోగింది. అవ్వ ఉరికి చూస్తే బాపు సైకిలు లేదు. అమ్మయ్య అనుకొని ఇంటికొచ్చి, బాపు దారిలో ఎక్కడో ముచ్చట్లలో పడ్డాడని తిట్టుకుంటూ కోడిగుడ్ల కూర వండింది. దీపాలు పెట్టే వేళకు బాపు ఒళ్ళంతా బొగ్గుతో, నడిచి వచ్చాడు. బాయిలో పైకప్పు కూలితే అప్పటిదాకా లోపలే ఉన్నాడు. సైకిలును వెనక వరస ఇంట్లో ఉండే కొమురయ్య తనదనుకొని ఎక్కి కల్లు మండువకు పోయాడట. అతని పెండ్లాం మాత్రం స్టాండులో మిగిలిన అతని సైకిలు పట్టుకొని సాయంత్రం దాకా ఏడ్చింది. తన మొగుడు కల్లు తాగుతుంటే ఆమె ఏడ్చింది, మా బాపు మట్టి కింద ఉంటే మా అవ్వ నవ్వుకుంటూ వండింది. ఆ కూర ఆ రోజు ఎవరూ ముట్టలేదు.

మర్నాడే సీటు గొట్టం మీద, పైభాగాన, మూడు తెల్లటి చుక్కలు వెలిశాయి. క్వార్టర్ల మీద నంబర్లు రాసేవాడి డబ్బాలో వేలు ముంచి, ముగ్గు చుక్కల్లాగా అవ్వ పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడు సైరన్ మోగినా నన్ను చంకనేసుకొని ఉరికేది, చుక్కలను ముందు పట్టేది నేనే. వెయ్యి సైకిళ్ళన్నది కొంచెం ఎక్కువే. రెండు మూడు వందలు ఉంటాయేమో. కళ్ళు మూసుకొని అన్నది కూడా నిజం కాదు.

బ్లేడు కింద చుక్కలు ఒక్కొక్కటే తేలాయి, మూడూ. నా చూపుడు వేలు పెట్టి చూస్తే చుక్క వేలి కంటే చాలా చిన్నది. అవ్వది చిన్న చెయ్యి అనుకున్నాను.

ఇప్పుడు ఆ బాయి మూసేశారు. స్టాండు ఉన్నచోట తుమ్మలు లేచాయి. క్వార్టర్ల తలుపులు ఎవరి ఇష్టం వచ్చిన రంగు వాళ్ళవి, మనిషి ఎక్కడున్నాడో జేబులోని ఫోను చెబుతుంది. ఫ్రేమును గోడకు కొట్టిద్దామనే నిర్ణయానికి వచ్చి, శ్రీరాంపూర్‌లో ఉండే మా అక్కకు కబురు చేశాను. నాకన్న ఏడెనిమిదేళ్ళు పెద్దది. వచ్చి, కండ్లద్దాలు సర్దుకొని చుక్కలు చూసింది. నా కథంతా మొయిన్ ముందు ఇంకోసారి విన్నది.

"అవ్వ పెట్టిందా? ఎవల్రా నీకు చెప్పింది?"

"అవ్వ కాకపోతే ఎవరు?"

"ఆ పొద్దు తర్వాత అవ్వ మళ్ల స్టాండు మొకం సూడలే. సైరన్ మోగితే తలుపేసుకొని గోడకు తిరిగి కూసునేది. ఉరికింది నేను. నువ్వు నా చంకల ఉన్నవ్, ముక్కు కార్సుకుంట నా జడ గుంజుకుంట. పేరు రాద్దమంటె సదువు రాకపాయె, అన్ని సైకిళ్ళు ఒక్క తీరే ఉండె, నేనే పెట్టుకున్న చుక్కలు. నువ్వు పట్టుడేంది, నీకు మాటలే రాలే."

ఆమె వేలి వైపు చూశాను. ఇప్పుడది నా వేలంత లావుంది. సైకిలును ఏం చెయ్యాలో ఆమెనే అడిగాను.

"మరి అతికియ్యమంటవా, గోడకు పెట్టుమంటవా అక్కా?"

"అతికియ్యి, తొక్కు. బాపు లోపటున్నడా, పైకొచ్చిండా తెలుసుకోనీకి పెట్టిన చుక్కలవి. ఇప్పుడు తెల్వంది ఏమున్నదిరా?"