నంబరు లేని కాగితం

మా సూపర్నెంటు గారు పోయారని కబురొచ్చేసరికి నేను మండవల్లి దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాను. లారీకెక్కే బొచ్చె, శీలావతి చేపలకి ఐసు కొట్టించడం నా పని. మర చప్పుడులో ఫోను సరిగ్గా వినబడక "ఎవరు ఎక్కడికి వెళ్ళారండీ?" అని రెండుసార్లు అడిగాను. అవతల ఆయన భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, ఓపిగ్గా మళ్ళీ చెప్పారు. "మీ సారు వెళ్ళిపోయారు బాబూ. పొద్దున్న కాఫీ తాగి, పేపరు చేతిలో పట్టుకునే వెళ్ళిపోయారు." మర ఆపించి బయటికొచ్చి చెరువు గట్టు మీద కూర్చున్నాను. వెంటనే ఏడుపు రాలేదు. ఆయన ఊతపదం ఒకటి గుర్తొచ్చింది. ఎవరే వార్త మోసుకొచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న, "నంబరేదండీ?" ఈ వార్తకి నంబరు లేకపోతే ఎంత బాగుండునో అనిపించింది.

ఆ నంబరు సంగతి చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి. ఏలూరులో ఒక సర్కారు ఆఫీసులో, టీచర్ల బదిలీలు చూసే సెక్షనులో జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. సూపరింటెండెంటు అనడానికి మా పేటలో ఎవరికీ నోరు తిరగదు కాబట్టి ఆయన సూపర్నెంటు గారే. రిటైరైన మర్నాటి నుంచి మిషన్ స్కూలు గ్రౌండులో ఫుట్‌బాల్ టీము పెట్టారు. ఆయన బంతి తన్నగా చూసినవాళ్ళెవరూ లేరు. ఇస్త్రీ ప్యాంటు మడత నలగకుండా, గీత బయట ఇనప మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చునేవారు. గాలికి కాగితాలు ఎగరకుండా ఫైలు మీద ఒక గాజు పేపర్‌వెయిటు. అది వీడ్కోలు రోజున ఆఫీసువాళ్ళిచ్చింది. మాలో ఒక్కొక్కరికీ ఒక సర్వీసు రిజిస్టరు. ప్రాక్టీసుకి రాకపోతే లీవు లెటరు ఇవ్వాలి. మా గోల్‌కీపరు ఒకసారి జ్వరమని రాసిస్తే "క్యాజువల్ లీవా, మెడికల్ లీవా రాయలేదేవండీ?" అని వెనక్కి పంపారు. పాపం వాడు జ్వరంతోనే మళ్ళీ రాసుకొచ్చాడు.

మీసాలు కూడా సరిగ్గా రాని మమ్మల్ని ఆయన మీరనేవారు. ఆట మధ్యలో లేచి నిలబడి "మస్తాన్ గారూ, బంతి మీ వైపే వస్తోందండీ, కాస్త చూసుకోండి" అని కేకేసేవారు. ఆ మర్యాదంతా పూర్తయ్యేలోగా బంతి నన్ను దాటి పోయేది. ఎందుకండీ మమ్మల్ని మీరని పిలుస్తారని అడిగితే, "సర్వీసులో ఉన్నవాళ్ళని నువ్వనకూడదండి" అన్నారు. మా నాన్న తివాచీలు నేసే మనిషి. పేటలో ఆయన్నే ఎవరూ మీరనేవారు కాదు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా వెన్ను దానంతటదే నిటారయ్యేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, బట్టలు మార్చుకోకుండానే వరండాలో ఇంగ్లీషు పేపరు తెరిచేవారు. మేం చుట్టూ చేరేవాళ్ళం. ఆటల పేజీలో ట్రాన్స్‌ఫర్ అన్న మాట కనబడిందంటే ఆయనకి రిటైరైన సంగతే మరుపొచ్చేది. రెండు క్లబ్బులు ఆటగాళ్ళని మార్చుకుంటే అది 'మ్యూచువల్'. ఒకణ్ణి లోను మీద పంపితే "అప్పేమిటండీ, డిప్యుటేషనంటారు దాన్ని." ఆటగాడే అలిగి వెళ్ళిపోతానంటే "రిక్వెస్టు ట్రాన్స్‌ఫరు. దీనికి టీఏ రాదండి." జనవరిలో ట్రాన్స్‌ఫర్ విండో తెరుస్తారని పేపర్లో రాస్తే, ఆయన అది నిజం కిటికీయే అనుకున్నారు. ఎక్కడో ఒక పెద్ద ఆఫీసు, దానికి చువ్వల కిటికీ, లోపల ఒక గుమస్తా. బయట ప్రపంచంలోని పేరున్న ఆటగాళ్ళంతా అప్లికేషన్లు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు. "నెలాఖరుకి మూసేస్తారటండీ. పాపం ఆ గుమస్తాకి భోజనానికి కూడా తీరిక ఉండదు" అని జాలిపడేవారు. ఆయన మాటంటే మాకు వేదం, మేమూ అలాగే నమ్మాం. చాలా ఏళ్ళకి టీవీ చూసి అసలు సంగతి తెలుసుకున్నా, ఆయనకి చెప్పబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లోనే ఎక్కడో చిన్న క్లబ్బుని డబ్బున్న ఆసామి ఒకాయన కొనేసి, పెద్ద పెద్ద స్టార్లకి కబుర్లు పెడుతున్నాడని వార్తలు మొదలయ్యాయి. ఫలానా ఆటగాడు వెళ్తాడనీ వెళ్ళడనీ ఆ వరండాలో రెండు పార్టీలు. అరుపులు శ్రుతి మించితే ఆయన కళ్ళద్దాలు తీసి "నంబరేదండీ?" అనేవారు. ఆయన ఆఫీసులో ప్రతి ఉత్తర్వు మీదా ఆర్.సి. నంబరని ఒకటి ఉండేదట. ముందు సంతకం, ఆ తర్వాత నంబరు. అది పడ్డాకే కాగితానికి విలువ. "నంబరు లేని కాగితం వదంతండి. వెళ్తాడు వెళ్తాడని ఊరంతా అన్నవాడు వెళ్ళడు. ఎవరూ అనుకోనివాడు పొద్దున్నే పెట్టె పుచ్చుకుని బస్టాండులో కనబడతాడు."

"అంత డబ్బిస్తామంటే వెళ్ళడా అండీ?" అని నేనే అడిగాను ఒకసారి.

"వెళ్తే వెళ్తాడండి. వెళ్ళినవాణ్ణి తిట్టకూడదు. కామవరపుకోట అవతల మారుమూల బడికి అడిగి మరీ వేయించుకున్న మాస్టార్లున్నారు. ఎవరి పొయ్యి సంగతి వాళ్ళకే తెలుస్తుంది. కాకపోతే చెప్పి వెళ్ళాలి. చెప్పకుండా వెళ్తే దాన్ని బదిలీ అనరండి, పరారీ అంటారు."

ఆ మాట నా మీదికే తిరుగుతుందని అప్పుడు నాకు తెలియదు. కొల్లేరు పక్క అప్పట్లో చేపల డబ్బు బాగా ఆడుతోంది. మండవల్లి వైపు ఒక చిన్న ఊళ్ళో, చెరువులున్న ప్రెసిడెంటు గారొకాయన సరదాపడి టీము కట్టారు. ఊళ్ళో పదకొండు మంది ఆడేవాళ్ళు లేరు గానీ పదకొండు జతల కొత్త బూట్లూ, తిరగడానికి వ్యానూ ఉన్నాయి. ఆయన మనిషి నా దగ్గరికి వచ్చి, వాళ్ళకి ఆడితే ఐసు ఫ్యాక్టరీలో పర్మినెంటు ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. అప్పటికి మా నాన్న మగ్గం నెలల తరబడి ఖాళీగా ఉంటోంది. ఆయన రోజూ దాని ముందు ఊరికే కూర్చుని లేచేవారు. నేను సరేనన్నాను.

సరేనన్నాను గానీ సూపర్నెంటు గారికి చెప్పడానికి నోరు రాలేదు. నాలుగు రోజుల్లో వార్త పేటంతా పాకింది. తాడేపల్లిగూడెంలో ఒక మ్యాచ్ ఆడి ప్యాసింజరులో తిరిగొస్తుంటే ఆయన నా పక్కకొచ్చి కూర్చున్నారు. "మస్తాన్ గారూ, మీ గురించి ఒక వదంతి విన్నానండి. దానికి నంబరేమైనా ఉందా?" ఆయన గొంతులో పరాచికం లేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ "లేదండి" అన్నాను. "మంచిదండి" అని లేచి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి టీ కొట్టు దగ్గర ఎవరు నా ఊసెత్తినా "నేను అడిగానండి. లేదన్నారు" అని ఖండించడం మొదలెట్టారు. ఎవరో నవ్వితే ఆయనకి కోపం కూడా వచ్చిందట. ఆ సంగతి వింటే నాకు అన్నం సయించలేదు. అయినా నిజం చెప్పలేదు. పిరికితనం, ఇంకేమీ కాదు.

వెళ్ళాల్సిన రోజు తెల్లవారగానే సంచీ పుచ్చుకుని బస్టాండుకి చేరాను. కైకలూరు బస్సు ఎక్కబోతుంటే వెనక సైకిలు బెల్లు వినిపించింది. సూపర్నెంటు గారు. క్యారియరు మీద ఫైలు. నా ముఖం చూడలేక ముందురోజు మా నాన్నే వెళ్ళి ఆయనకి చెప్పేశారట. ఆయన ఒక్క తిట్టు తిట్టినా, నా పాపం అక్కడితో పోయుండేది. ఆయన సైకిలు స్టాండు వేసి, ఫైలు విప్పి, టైపు చేయించిన కాగితం ఒకటి నా చేతికిచ్చారు.

"సెంటర్ ఫార్వర్డ్ శ్రీ మస్తాన్, చొక్కా నంబరు తొమ్మిది, నేటి పూర్వాహ్నం విధుల నుండి రిలీవ్ చేయబడినారు. వీరికి ఏలూరులోని పోస్టుపై లీన్ కొనసాగును." కింద సంతకం. పైన నంబరు.

"లీన్ అంటే ఏంటండీ?"

"డిప్యుటేషను మీద వెళ్ళినవాళ్ళ సొంత కుర్చీ ఇంకొకరికి ఇవ్వరండి. ఎప్పుడొచ్చినా అది వాళ్ళదే."

"మీకు అబద్ధం చెప్పానండీ" అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

"అది ఫైల్లో లేదండి" అన్నారాయన, రెండో కాపీ చాపుతూ. "ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టాను. ఆయన ఆ కాపీ జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని, చుట్టూ ఒకసారి చూసి, నా భుజం మీద చెయ్యేశారు. "ఇప్పుడు రిలీవయ్యావు కాబట్టి నువ్వనొచ్చు. వెళ్ళిరా నాన్నా. ఐసు మీద నడిచేటప్పుడు కాళ్ళు జాగ్రత్త." ఆయన నన్ను నువ్వనడం అదే మొదలు. బస్సు మలుపు తిరిగేదాకా సైకిలు పట్టుకుని అక్కడే నిలబడ్డారు.

ప్రెసిడెంటు గారి టీములో నాకు పదో నంబరిచ్చారు. నాలుగేళ్ళు బాగానే ఆడాం, కప్పులూ తెచ్చాం. మా ఇంట్లో పొయ్యి వెలిగింది, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ తర్వాత ఆక్రమణలని సర్కారువాళ్ళు కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేశారు. ప్రెసిడెంటు గారి సరదా ఆ గట్లతోపాటే కొట్టుకుపోయింది. టీము చెదిరింది, బూట్లు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. నాకు ఐసు ఫ్యాక్టరీ మిగిలింది. సెలవు రోజుల్లో ఏలూరు వెళ్ళి ఆడొచ్చు, దూరమేం కాదు. కానీ డబ్బున్న చోట ఆట అయిపోయాక తగుదునమ్మా అని ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? క్రిస్మస్‌కి రెండు చేపలు పట్టుకెళ్ళి అమ్మగారికిచ్చి, ఒక గంట కూర్చుని వచ్చేసేవాణ్ణి. లేవబోతుంటే ఆయన మెల్లగా అడిగేవారు, "జాయినింగ్ ఎప్పుడురా?" వచ్చే ఏడు అనేవాణ్ణి. మస్తాన్ తిరిగొస్తున్నాడని ఏలూరులో ఏటా వదంతి పుట్టేది. ఏటా ఆయనే "నంబరేదండీ?" అని దాన్ని అణిచేవారు.

కిందటి నెల చూడబోతే బాగా చిక్కిపోయి ఉన్నారు. చూపు ఆనడం లేదని పేపరు నా చేతికిచ్చారు. మళ్ళీ అదే గొడవ, ఒక మహా ఆటగాణ్ణి కొత్తగా డబ్బొచ్చిన క్లబ్బు ఎగరేసుకుపోతుందా అని. "వెళ్ళాడా?" అన్నారు. "లేదండి. ఈలోగా కిటికీ మూసేశారు" అన్నాను. ఆయన దగ్గుతూ నవ్వారు. "గుమస్తా భోజనానికి వెళ్ళుంటాడ్రా." అదే ఆఖరు మాట మా ఇద్దరి మధ్య.

మూడోనాటి ప్రార్థన అయ్యాక అమ్మగారు నన్ను లోపలికి పిలిచారు. బీరువాలోంచి ఒక ఫైలు తీసి ఇచ్చారు. అట్ట మీద నా పేరు. విప్పితే పైన తొమ్మిదో నంబరు చొక్కా, ఇస్త్రీ చేసి, కలరా ఉండ వేసి మడత పెట్టి ఉంది. ఇన్నేళ్ళూ అది ఎవరికీ ఇవ్వలేదట. కుర్రాళ్ళు అడిగితే పోస్టు ఖాళీ లేదనేవారట. దాని కింద బస్టాండులో నేను సంతకం చేసిన కాగితం. ఆ కింద ఏడాదికొకటి చొప్పున ఆయన చేత్తో రాసినవి, అన్నిటి మీదా ఒకే వాక్యం: "సదరు ఆటగాని లీన్ మరొక సంవత్సరము పొడిగించడమైనది." ప్రతిదానికీ సంతకం, ప్రతిదానికీ నంబరు. చివరి దాంట్లో అక్షరాలు వంకరపోయాయి.

"మొన్న కొత్త సంవత్సరానికి దిళ్ళు ఆనించి కూర్చోబెట్టమని మరీ రాశారు బాబూ. అది రాశాకే మందు వేసుకున్నారు" అన్నారు అమ్మగారు.

అట్టడుగున ఇంకో కాగితం ఉంది. జాయినింగ్ రిపోర్టు. "నేటి పూర్వాహ్నం ఏలూరులో విధులలో చేరితిని" అని టైపు చేయించి, తేదీకీ నా సంతకానికీ చోటు వదిలారు. పైన మాత్రం నంబరు వేసేశారు. సంతకం పడందే నంబరు వేయకూడదని మా అందరికీ నేర్పిన మనిషి, తన సర్వీసంతటిలో ఆ ఒక్క తప్పు నా కోసం చేశారు.

మర్నాడు పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళాను. కొత్త కుర్రాళ్ళు, నాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. అమ్మగారినడిగి తెచ్చిన మడత కుర్చీ గీత బయట, ఆయన వేసుకునే చోటే వేశాను. చొక్కా పొట్ట దగ్గర కాస్త బిగిసింది. తేదీ వేసి సంతకం పెట్టి, ఆ కాగితం ఖాళీ కుర్చీలో ఉంచి, కుర్చీతోపాటు తెచ్చిన ఆయన గాజు పేపర్‌వెయిటు పైన పెట్టాను. లోపలికి దిగేసరికి ఎవరో కుర్రాడు నా వైపు బంతి వేస్తూ "ఏవండీ, చూసుకోండి!" అని కేకేశాడు. నేను కుర్చీ వైపు చూశాను. గాలికి కాగితం అంచు రెపరెపలాడుతోంది, ఎగరడం లేదు. బంతి నన్ను దాటి పోయింది.