వంకాయ రంగు కోసం కెమెరా

మూడు నెలల్లో మూడు చీరలు వెనక్కి వచ్చాయి. మూడూ వంకాయ రంగువే. మూడింటికీ ఒకటే ఫిర్యాదు: "ఫోటోలో నీలం చూపించి వంకాయ రంగు పంపుతారా?" నేసింది మా అమ్మ. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టింది నేను.

మంగళగిరిలో మా ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి. ఒకదాని మీద నాన్న షావుకారుకి కూలికి నేస్తాడు. రెండోది అమ్మది. పోయినేడు అమ్మకి తన చీర తనే అమ్ముకోవాలని పట్టుదల వచ్చింది. పెళ్ళయినప్పట్నుంచీ ఎవరో ఇచ్చిన నూలు, ఎవరో చెప్పిన రంగు నేసిన మనిషి, మొదటిసారి తనకు నచ్చిన రంగు తెప్పించుకుంది. అదే ఈ వంకాయ రంగు. మూడో చీర తిరిగొచ్చిన రోజు దాన్ని మడతపెడుతూ, "ఇంకొక్కటి గనక వెనక్కొస్తే నేనూ కూలికే నేస్తానే. ఈ బాధ నాకొద్దు," అంది.  నాకు కోపం వచ్చింది. నా మీద కాదు, ఫోను మీద.

తప్పు ఫోనుదని తేల్చేశాక కెమెరా కొనక తప్పదుగా! నిజం చెప్పాలంటే కాలేజీ రోజుల నుంచీ నాకు కెమెరా పిచ్చి. ఇప్పుడు అమ్మ చీరల సాకు దొరికింది. డేటా ఎంట్రీ ఉద్యోగం చేసి దాచుకున్నది ఇరవై వేలు. రోజూ వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఒకాయన కొత్తదే కొనమంటాడు. ఇంకొకాయన పాత బాడీ కొని, మిగిలింది మంచి లెన్సు మీద పెట్టమంటాడు. మూడో ఆయన, అసలు మీకు కెమెరా అవసరమా అని అడుగుతాడు. ఆయన వీడియో సగంలోనే కట్టేశాను. ఇరవై వేల దగ్గర మొదలై రోజూ లక్షన్నర కెమెరా దగ్గర తేలేదాన్ని. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానన్నట్టు ఉండేది నా వ్యవహారం.

ఆఖరికి ఒక ఆదివారం గుంటూరులో పాత కెమెరాలమ్మే కొట్టుకి బయల్దేరాను. అమ్మ కూడా వస్తానంది. చంకలో ఒక సంచి. 

కొట్టాయన రెండు లెన్సులు, బ్యాగు, స్టాండు కలిపిన సెట్టు ముందు పెట్టాడు. ఆ పొడుగు లెన్సు చూడగానే నా మనసు జారిపోయింది.

"దీంతో చెట్టు మీది పిట్ట కూడా దగ్గరికొచ్చేస్తుంది మేడం," అన్నాడు.

"మా చీరలు చెట్లెక్కవు బాబూ," అంటూ అమ్మ సంచిలోంచి వంకాయ రంగు చీర తీసి గాజు బల్ల మీద పరిచేసింది. "దీన్ని తియ్యి. దేంట్లో ఈ రంగు వస్తే అది కొంటాం."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సెన్సరు మీద మచ్చలున్నాయా, ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారు అంటూ కాగితం మీద రాసుకొచ్చిన ప్రశ్నలన్నీ చేతిలోనే నలిగిపోయాయి.

పాపం ఆయన మూడు కెమెరాలతో తీశాడు. మూడింట్లోనూ నీలమే. అమ్మ తలెత్తి పైనున్న ట్యూబులైట్ల వైపు చూసింది. చీర భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది.

"కెమెరాలు బయటికివ్వమండీ."

"గుమ్మం దాటి పగటి వెలుతుర్లో చూసుకోకుండా చీర ఎవరైనా కొంటారా? నువ్వూ రా, ఎవరొద్దన్నారు!"

మా వాళ్ళ అలవాటది. దీపం కింద రంగు చూసి ఎవరూ మాట ఇవ్వరు. నూలు కొన్నా, చీర అమ్మినా వాకిట్లో నీడపట్టున నిలబడి చూడాల్సిందే. పుట్టినప్పట్నుంచీ అది చూస్తూ పెరిగినదాన్ని, ఫోటోలు మాత్రం మగ్గం గదిలో ట్యూబులైటు కింద తీశాను. డిగ్రీ చదివాను మరి.

కొట్టాయన మెడలో ఒకటి, చేతుల్లో రెండు కెమెరాలతో మా వెనకే వచ్చాడు. పక్క కొట్టు మెట్ల మీద నీడలో చీర పరిచి తీస్తే మూడింట్లోనూ వంకాయే, తొడిమ ఒక్కటే తక్కువ.

"అయితే వీటిల్లో చవకది ఇవ్వు," అంది అమ్మ.

అది అంచులు అరిగిన పాత కెమెరా. దానికి ఒక పొట్టి లెన్సు. "ఇది జూమ్ అవదమ్మా. దగ్గరగా కావాలంటే మీ అమ్మాయే నడవాలి," అన్నాడు.

"నడుస్తుంది. కాళ్ళున్నాయిగా."

అమ్మ బేరమాడుతుంటే ఆ సందట్లో నేనొక పని చేశాను. అదే నీడలో అదే చీరని నా ఫోనుతో ఒక్క ఫోటో తీశాను. వంకాయ రంగు నిక్షేపంలా వచ్చింది. గబుక్కున డిలీట్ చేసి, ఫోను బ్యాగులో పడేసి, అమ్మ బేరం తెంచిన పద్దెనిమిది వేలూ ఇచ్చేశాను.

ఆ తర్వాత పొద్దున్నే వాకిట్లో నీడలో చీర ఆరేసి కెమెరాతో తీస్తుంటే, వాడకట్టులో అందరూ ఆగి చూసేవాళ్ళు. పంపిన చీర ఒక్కటీ వెనక్కి రాలేదు. అమ్మ మొహం వెలిగిపోయేది. నాకు మాత్రం లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది.

ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా ఎవరో చీర ఫోటో అర్జంటుగా అడిగారట. సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ తన ఫోను నా మొహం ముందు పెట్టింది. "వాకిట్లో నేనే తీశా. వంకాయ రంగు దీంట్లోనూ వచ్చిందిగా. మరి కెమెరా దేనికే?"

"అంటే... వెనకాల మసకగా వస్తుందమ్మా... అందంగా..."

"తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నాడంట నీలాంటోడు."

ఇక దాచలేక గుంటూరులో చేసింది మొత్తం చెప్పేశాను. తిడితే బాగుండేది. "నాకు చెప్తే నేనేమన్నా కాదనేదాన్నా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాత్రే కెమెరా అమ్మకానికి పెట్టాను. దర్శి నుంచి ఒకతను ఆదివారం వచ్చి తీసుకుంటానన్నాడు.

శనివారం మధ్యాహ్నం, పోయే వస్తువు కదా అని, చివరిసారి కెమెరా పట్టుకుని, అమ్మ నేస్తున్న మగ్గం గదిలోకి వెళ్ళాను. ట్యూబులైటు ఆర్పేశాను. చిన్న కిటికీలోంచి వచ్చే వెలుతురొక్కటే మిగిలింది. లైటు లేకపోతే ఆ గదిలో నా ఫోనుకి అమ్మ ఎప్పుడూ నల్లటి ముద్దే. ఈ పొట్టి లెన్సు ఆ కాస్త వెలుతురుతోనే అమ్మని పట్టింది. నుదుటి మీద చెమట, అంచు మీద నిలిచిన చూపు, వేళ్ళ మధ్య తెగిన జరీ పోగు. జూమ్ లేదు కాబట్టి నేనే మోకాళ్ళ మీద దగ్గరికి జరిగాను.

అమ్మ చెయ్యి తుడుచుకుని కెమెరా తీసుకుంది. వెనక తెర మీద తన ఫోటో చూసుకుంది.

"నేసేటప్పుడు నేను ఇట్టా ఉంటానా?"

"ఇట్టానే ఉంటావు."

"ఆ దర్శి అబ్బాయికి ఫోన్ చేసి రావద్దని చెప్పు," అంది.

ఇప్పుడు చీరల ఫోటోలు అమ్మే వాకిట్లో ఫోనుతో తీసుకుంటుంది. వాట్సాప్‌లో వాటి పక్కన, మగ్గం మీదున్న అమ్మ ఫోటో నేను కెమెరాతో తీసి పెడతాను. అమ్మ కూలి నేత మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా మగ్గం గుంటలోకి దిగే ముందు తల దువ్వుకుంటోంది.

నిన్న అట్లాగే దువ్వుకుంటూ ఆగి, అవతలి మగ్గం వైపు చూసింది. "మీ నాన్నని కూడా ఒకటి తియ్యవే," అంది. "ముప్ఫై ఏళ్ళ నుంచి నేస్తున్నాడు. అవి ఎవరు నేశారో కట్టుకున్నవాళ్ళకి ఒక్కళ్ళకీ తెలీదు."