ఒంటికన్ను ప్రార్థన

డెబ్బైలలో మా పటమటలో ఎవరికి చలిజ్వరం వచ్చినా పాస్టరమ్మగారు గ్లాసుతో దిగేవారు. ఆవిడ పెరట్లో పెంచిన నేలవేము కషాయం అది. దాని చేదు ముందు వేపాకు పాయసమే.

గ్లాసు చేతికిచ్చి, "కళ్లు మూసుకోండి, ప్రార్థన చేసుకుని తాగుదురుగాని" అనేవారు. ఆవిడ మాత్రం ఒక కన్ను తెరిచే ఉంచేవారు. ఆ కన్ను గ్లాసు మీదే ఉండేది. కిటికీలోంచి పారబోసే వీలే లేదు.

ఒక వానాకాలం ఆవిడకే జ్వరం పట్టుకుంది. మలేరియా ఆఫీసు ఆయన వచ్చి, రక్తం తీసుకుని, మాత్రలిచ్చి వెళ్లాడు. చర్చి సంఘం ఊరుకుంటుందా? నేలవేము కాచి పట్టుకెళ్లాం.

"ఈసారి మేం ప్రార్థన చేస్తామండీ" అన్నారు సంఘపెద్ద. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆవిడ దగ్గర అబ్బిన విద్య కదా, నేను ఒక కన్ను తెరిచాను. పాస్టరమ్మగారు గ్లాసును మెల్లగా కిటికీలోంచి వంచుతున్నారు. నన్ను చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

జ్వరం దిగింది. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు: "అంతా దేవుడి దయ, నేలవేము చలవ." అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

ఆ తర్వాత నాకు జ్వరం వచ్చినప్పుడు ఆవిడ ఎప్పటిలాగే గ్లాసు చేతికిచ్చి, రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నారు.