ఇరవై నాలుగు కింద డిట్టోలు

పోయినవి ముందు రాస్తాను. మా మరిది ఎడమ కాలు, మోకాలికి నాలుగు వేళ్ల కింది నుంచి. ఆస్పత్రిలో నలభై ఒక్క రోజులు. ఆ తర్వాత ఇంట్లో మంచం మీద గడిచిన రోజులు, వందో రోజు దాటాక నేను లెక్కపెట్టడం మానేశాను. హాస్టల్ మెస్సులో మా చెల్లెలు చేసే వంటపని, ఎందుకంటే అతన్ని లేపి కూర్చోబెట్టడానికి ఒక మనిషి కావాలి. వాళ్ల పెద్దమ్మాయి పదో తరగతిలో చివరి మూడు నెలలు. ఇంట్లో వాళ్లందరి నిద్ర ఎంత పోయిందో కొలిచే సాధనం నా దగ్గర లేదు. ఇన్ని పోయాక ఇంకొకటి కూడా పోబోతోందని మాకు ఒక కాగితం వచ్చింది. ప్రమాదానికి బాధ్యుడు అతనేనని అందులో రాశారు.

మా మరిది, అంటే మా చెల్లెలి భర్త, రైలు పట్టాల కింద కంకర సర్దే గ్యాంగులో కూలి. ఒక కాంట్రాక్టరు కింద పని. లాలాపేట్‌లో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఆ రోజు లుకౌట్ మనిషి రాలేదు. లుకౌట్ అంటే మిగతావాళ్లు వంగి పని చేస్తుంటే దూరంగా నిలబడి, రైలు కనిపించగానే విజిల్ ఊదేవాడు. మేస్త్రీ ఆ విజిల్ తీసి మా మరిదికి ఇచ్చాడు. ఎంత దూరంలో నిలబడాలో చెప్పలేదు. వంపు దగ్గర రైలు కనిపించింది, అతను ఊదాడు, అందరూ గట్టు మీంచి కిందికి దూకారు. అతను పక్క లైను మీదికి జరిగాడు. అక్కడ అతని వెనక నుంచి పెట్టెలు లేని ఇంజన్ ఒకటి నెమ్మదిగా వస్తోంది.

రైలు వస్తుంటే ఒక లైను మీంచి ఇంకో లైను మీదికి వెళ్లకూడదు, రెండూ వదిలి బయటికి రావాలి. ట్రాక్ మీద దిగే ప్రతి మనిషికీ ఇచ్చే శిక్షణలో ఇది మూడో పాఠం. ఆ సంగతి నాకు తెలుసు. ఆ పాఠాల జాబితా టైపు చేసింది నేనే.

అదెలాగో చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి. నేను చదివి లెక్కలు నేర్చుకున్న దాన్ని కాదు. ముషీరాబాద్‌లో మా నాన్న పనిచేసిన కట్టెల డిపోలో దుంగల చుట్టుకొలత చూసి ఘనపుటడుగులు నోటితో చెప్పేదాన్ని. ఇంటర్ తప్పాక ఒక జిరాక్స్ షాపులో కూర్చున్నాను. పీహెచ్‌డీ పిల్లలు ప్రశ్నపత్రాల కట్టలు తెచ్చి అంకెలు ఎక్కించమనేవాళ్లు. ఎక్కిస్తూ, ఎక్కిస్తూ సగటు, శాతం, పట్టికలు వేయడం వచ్చేసింది. పదిహేడేళ్ల నుంచి తార్నాక చౌరస్తాలో బస్సు దిగి, క్యాంపస్‌లోకి నడిచి, ఒక డిపార్ట్‌మెంట్‌లో రోజు లెక్కన ఈ పనే చేస్తున్నాను. పిల్లలు నన్ను లెక్కల ఆంటీ అంటారు. నా పట్టికలో ఖాళీ గడి ఉండదు. అడ్డంగా కూడినా నిలువుగా కూడినా ఒకటే రావాలి. వచ్చాక మొత్తం కింద రెండు గీతలు గీస్తాను, రెండో గీత కొంచెం పొడుగ్గా.

మా చెల్లెలు ఆ కాగితం తెచ్చి చదవమని ఇచ్చింది, ఇంగ్లీషులో ఉందని. ఈ కార్మికుడు లుకౌట్ పనితో సహా ఇరవై నాలుగు గంటల భద్రతా శిక్షణ పొందినవాడు, నియమాలు తెలిసీ పాటించలేదు, కాబట్టి తప్పు అతనిదే, అని ఉంది. రుజువుగా వెనక ఒక పట్టిక జత చేశారు. ఆ మాట అలాగే నిలిస్తే కృత్రిమ కాలికి గానీ, కూర్చుని చేసే వేరే పనికి గానీ అతనికి ఏ హక్కూ ఉండదు. నేను పట్టిక వైపు తిప్పాను. మొత్తం కింద రెండు గీతలు. రెండోది కొంచెం పొడుగ్గా ఉంది.

మా చెల్లెలు ఏదో అడుగుతోంది. మామూలుగా చూపుతోనే కూడే నేను ఆ వరసని మూడుసార్లు కూడితే మూడు జవాబులు వచ్చాయి.

ప్రమాదానికి ఏడాదిన్నర ముందు ఆ పట్టిక వేసే పని మా డిపార్ట్‌మెంట్‌కి వచ్చింది. కాంట్రాక్టు కూలీలకు శిక్షణ సరిగ్గా జరుగుతోందో లేదో చూడాల్సిన ఒక ప్రభుత్వ కార్యాలయం, ఇప్పుడు ఈ కాగితం పంపినదే, రిజిస్టర్ల నకళ్లు పంపి, పాఠాల జాబితా టైపు చేసి, గంటలు లెక్కగట్టి ఇమ్మని అడిగింది. రిజిస్టర్లలో టోకెన్ నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు. మా మరిది ఆ కాంట్రాక్టరు దగ్గర ఉన్నాడని తెలుసు గానీ అతని టోకెన్ నంబరు నాకెందుకు తెలుస్తుంది? ఒక్కో పేజీలో మొదటి వరసలో ఇరవై నాలుగు అని రాసి ఉంది. దాని కింద అన్నీ డిట్టోలే. పై మాటే కింద కూడా, అని రెండు చుక్కలు పెడతారు చూడండి, అవి. నేను ప్రతి డిట్టో దగ్గరా ఇరవై నాలుగు కొట్టాను. ఖాళీ గడి ఒక్కటి కూడా లేకుండా ఇచ్చానని ఆ సాయంత్రం సంతోషంగా చాయ్ కూడా తాగాను.

మర్నాడు పొద్దున గోడ అవతలికి వెళ్లాను. క్లాసు ఎన్ని రోజులు జరిగిందని మా మరిదిని అడిగాను.

"క్లాసేంది వదినె?" అన్నాడు.

గుర్తు చేసుకోమన్నాను. మెల్లగా చెప్పాడు. ఒక రోజు సామాన్ల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టారట. ఒక సారు వచ్చి కాగితం చూసి చదవడం మొదలుపెట్టాడు. సమోసా, చాయ్ ఇచ్చారు, ఫొటో తీశారు, సంతకాలు పెట్టించారు. అంతలో కంకర లారీ వచ్చింది, దించడానికి లేచి వెళ్లిపోయారు. చాయ్ ఎన్నింటికి, లారీ ఎన్నింటికి, అని అడిగి అడిగి నలభై నిమిషాలని తేల్చాను. అదే గ్యాంగులో మరో నలుగురిని విడివిడిగా అడిగితే వాళ్ల లెక్క కూడా అటూ ఇటూగా అంతే వచ్చింది. సారు మూడో పాఠం దాకా చేరాడా అంటే ఎవరికీ గుర్తులేదు. సమోసా మాత్రం చల్లగా ఉందని ఐదుగురూ చెప్పారు.

అప్పుడు మా మరిదికి చెప్పాను, ఆ పట్టిక వేసింది నేనేనని.

అతను పైకప్పు వైపు చూశాడు. తర్వాత, "అంటే నాకు ఇరవై నాలుగు గంటలు ఇచ్చింది నువ్వేనా వదినె?" అన్నాడు.

"ఊకో. అక్క కావాలని చేసిందా ఏంది," అంది మా చెల్లెలు.

"నేనేమన్న అన్ననా? ఇచ్చుడైతే ఇచ్చింది. జర నాకు గూడ చెప్తే అయిపోయేది గద. పోయి కూసొని నేర్చుకుంటుంటి."

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఇంటికొచ్చి రెండు రోజులు పనికి వెళ్లలేదు. పదిహేడేళ్లలో జ్వరానికి తప్ప నాగా పెట్టలేదు.

మూడో రోజు డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి బీరువా తీయించాను. ఆ నకళ్లు అలాగే ఉన్నాయి. ఈసారి అంకెలు కాకుండా గీతలు చూశాను. ఒక మనిషి ఒక్కో సంతకం తర్వాత ఒక్కో డిట్టో పెట్టినట్టు లేదు. కలం పైనుంచి కిందికి ఒక్క ఊపున దిగింది, పేజీ కిందికొచ్చేసరికి చుక్కలు పక్కకి జారి తేదీల గడిలోకి వెళ్లిపోయాయి. దాని కింద ఇంకో కట్ట ఉంది. అవి మస్టర్లు, ఏ రోజు ఎవరు పనికి వచ్చారో రాసే పుస్తకాల నకళ్లు. వాటినీ నేనే ఎక్కించాను, వేరే పట్టికగా, వేరే నెలలో. రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టలేదు, పెట్టమని ఎవరూ అడగలేదు. ఇప్పుడు పెట్టాను. శిక్షణ మూడు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు. అవే మూడు తేదీల్లో ఆ గ్యాంగులోని ముప్పై ఒక్క టోకెన్లూ పట్టాల మీద పూర్తి షిఫ్టు పనిచేశాయి. ఒకే మనిషి ఒకే పగలు ఎనిమిది గంటలు క్లాసులో, ఎనిమిది గంటలు ట్రాక్ మీద. రెండు చోట్లా నేనే కూర్చోబెట్టాను, రెండు చోట్లా అడ్డం నిలువు సరిపోయింది.

మా డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ గారికి చూపించాను. ఆయన కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు, రిటైర్మెంటుకి ఏడాది ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడండమ్మా, మనల్ని అడిగింది గంటలు కూడమని. క్లాసు జరిగిందో లేదో వెళ్లి చూసి రమ్మని కాదు కదా."

"నేను కూడింది గంటలు గాదు సార్. డిట్టోలు."

ఆయన ఆ కాగితాల మీద చేయి పెట్టారు. డిపార్ట్‌మెంట్ పేరు, పాత రిపోర్టు మీద తన సంతకం, ఆగిపోయే పెన్షన్ కాగితాలు, అన్నీ పైకే లెక్క వేసుకున్నారు. చివరికి, మీరు ఉన్నది ఉన్నట్టు రాసివ్వండి, పైన ఉత్తరం నేను రాస్తాను, అన్నారు. ఆయన రాస్తారని నేను అనుకోలేదు, రాశారు.

పదిహేను రోజులకి ఆ కార్యాలయం నుంచి విచారణాధికారి మా సెమినార్ హాలుకే వచ్చాడు. మా మరిదిని ఆటోలో తీసుకొచ్చాం. కాంట్రాక్టరు తరఫున ఒక మేనేజరు వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, మూడు ఫైళ్లు. శిక్షణ ఇచ్చామని ఆయన పదే పదే చెప్పాడు, దానికి రుజువుగా మా పట్టికనే చూపించాడు. ఫొటో కూడా చూపించాడు. అందులో మా మరిది చేతిలో చాయ్ కప్పు ఉంది.

అధికారి నా చదువేమిటని అడిగాడు.

"ఇంటర్ ఫెయిల్ సార్. లెక్కల్లనే."

మేనేజరు నవ్వాడు. అధికారి నవ్వలేదు. "అయితే ఈ టేబుల్ తప్పంటారు?" అన్నాడు.

"కూడిక కరెక్టే సార్. కూడిన అంకెలే జరగలే." రెండు నకళ్లూ పక్కపక్కన పెట్టి, తేదీల మీద వేలు పెట్టి చూపించాను. ఒక్కో టోకెన్ చదివాను, ముప్పై ఒక్కటీ. మధ్యలో ఆపమంటారేమోనని చూశాను, ఆపలేదు.

"మేము మీ టేబుల్ చూసే కదమ్మా ఓకే చేసింది," అన్నాడు అధికారి చివరికి.

"నేను మీరు పంపిన రిజిస్టర్ చూసే వేసిన సార్. క్లాసు ఎవరు చూసిన్రు?"

ప్రతి చోటికీ వెళ్లి చూడడానికి తమకు మనుషులు లేరని అతను అన్నాడు. ఆ మాట చాలా మామూలుగా, బస్సు ఆలస్యమైందన్నట్టుగా చెప్పాడు. రిజిస్టర్ రాసిన గుమాస్తా పైనుంచి చెప్పింది రాశాడు. నేను గుమాస్తాని నమ్మాను. కార్యాలయం నన్ను నమ్మింది. కాంట్రాక్టరు ఆ కార్యాలయం ముద్ర చూపించి పని చేయించాడు. ఇన్ని బల్లల మీద తిరిగిన ఆ ఇరవై నాలుగు గంటల్ని ఒక్కరంటే ఒక్కరు కళ్లతో చూడలేదు. నేను చేసే పనంతా ఇలాంటిదేనా అని ఆ క్షణంలో అనిపించింది. ఆ అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు.

మేనేజరు మా మరిది వైపు తిరిగి, ఇంత అనుభవం ఉండి పక్క లైను మీదికి ఎందుకెళ్లావని అడిగాడు.

"అటు రైలు లేకుండె సార్," అన్నాడు మా మరిది. "ఇటు రైలు ఉండె. ఎవలైనా ఏం చేస్తరు?"

అధికారి ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకోవడం నేను చూశాను.

రెండు నెలలకి సవరించిన కాగితం వచ్చింది. 'శిక్షణ పొందినవాడు' అన్న మాట తీసేశారు, 'తప్పు అతనిదే' అన్నదీ తీసేశారు. మా చెల్లెలు నాతో రెండుసార్లు చదివించుకుంది. తప్పు ఎవరిదో మాత్రం అందులో ఎక్కడా లేదు. కృత్రిమ కాలు కోసం కొలతలు తీసుకున్నారు. దానితో పాటు ఆ గ్యాంగు మొత్తానికి శిక్షణ మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలని కాంట్రాక్టరుకి ఉత్తర్వు వెళ్లింది.

మొదటి రోజు క్లాసుకి నేను వెళ్లాను. పిలవలేదు, వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. నిజంగానే ఎనిమిది గంటలు జరిగింది. ఇరవై ఆరు మంది వచ్చారు, తలలు నేనే లెక్కపెట్టాను. మూడో పాఠం దగ్గర సారు నేల మీద సుద్దముక్కతో రెండు లైన్లు గీసి, అందరినీ వాటి మీంచి బయటికి నడిపించాడు. రెండో రోజు క్లాసు తేదీ తర్వాత చెప్తామన్నారు. ఇంకా ఇవ్వాల్సిన గంటలు లెక్కగట్టి నేను ఆ కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాశాను. పరిశీలనలో ఉందని రెండు జవాబులు వచ్చాయి.

ఆ లెక్కలోంచి తన గంటలు ఇంక తీసెయ్యమని మా మరిది అన్నాడు, ఇప్పుడు తనకెందుకని. తీయలేదు. ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే. ముప్పై ఒక్క మందికి ఇరవై నాలుగు చొప్పున ఏడు వందల నలభై నాలుగు గంటలు. అందులో ఇరవై ఆరు మందికి అందిన ఆ ఒక్క రోజు, రెండు వందల ఎనిమిది. షెడ్డులో చల్లటి సమోసాతో గడిచిన నలభై నిమిషాలు కూడా తీసేశాను, ముప్పై ఒక్క మందికీ కలిపి ఇరవై గంటల నలభై నిమిషాలు. ఈ రోజుకి రావాల్సినవి ఐదు వందల పదిహేను గంటల ఇరవై నిమిషాలు.