మూడో స్తంభం కింది చెలమ

నలభై రెండు, అక్టోబరు. పగలు పదకొండున్నరకు కాళహస్తి దగ్గర స్వర్ణముఖి రైలు వంతెన కాపలాకు దిగాం. నలుగురు మనుషులు, నాలుగు రైఫిళ్లు, ఒక గుడారం. క్విట్ ఇండియా గొడవల్లో ఎక్కడెక్కడో పట్టాలు పీకుతున్నారని భయం. స్తంభాలకు యాభై గజాల లోపలికి ఎవరినీ రానివ్వకూడదని ఆర్డరు. ఏట్లో చుక్క నీరు లేదు. నీడ కోసం వంతెన కింద ఇసుకలోనే గుడారం వేశాం. మా తెలివి అలా ఉండేది.

మూడోనాడు పొద్దున ఏడింటికి మునెమ్మ అనే ముసలామె మూడో స్తంభం మొదట్లో చేతులతో ఇసుక తోడుతోంది.

"ఏం తవ్వుతుండావు?" అన్నాను.

"చెలమ సామీ, తాగే నీళ్లకి. ఈ కంబానికి పునాది తవ్వినోళ్లలో మా నాయన ఒకడు. ఈడ మోకాలి లోతుకే తియ్యటి నీళ్లుండాయని ఆయనే కనిపెట్టినాడు. బ్రిడ్జి ఎంత పాతదో మా చెలమా అంత పాతది."

నాది పుత్తూరు. చెలమ నీళ్లు తాగి పెరిగినవాణ్ణే. అయినా ఒంటిమీద ఖాకీ ఉంది కదా! బూటుతో ఇసుక నెట్టి పూడ్చేశాను. ఆమె బిందె చంకనెత్తుకుని, అరమైలు ఎగువకు పోయి ఇంకో చెలమ తవ్వుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

పదిరోజులకు, ఉదయం పదింటికి, ఎర్రటి ఎండలో బిందె లేకుండా పరుగెత్తుకొచ్చింది. రైఫిల్ ఎత్తాను.

"ఆడనే నిలబడు!"

"కాల్చుకో సామీ, ముందు గుడారం ఎత్తు. నా చెలమ తోడకుండానే పొంగుతాండాది. పైన కొండల్లో వాన పడినట్టుండాది. ఏరొస్తాది."

ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను నవ్వాను. మా నలుగురికీ పైవాడైన నాయక్, చిత్తూరు మనిషి, నవ్వలేదు.

"ముసలామె మాట ఇనప్పా. సర్దండి!"

పదిన్నరకు గట్టెక్కాం. పదీ నలభైకి గుడారం వేసిన చోట ఎర్రనీళ్లు నిలువెత్తు పారుతున్నాయి. నాకు భయం సగం, సిగ్గు సగం.

డిసెంబరులో ఏరు ఎండింది. మా బదులు వేరేవాళ్లు వచ్చారు. బయల్దేరే రోజు పొద్దున మూడో స్తంభం కింద నేనే చెలమ తవ్వాను. "నాకేం కనపళ్లేదబ్బా" అని నాయక్ అటు తిరిగాడు. మునెమ్మ టెంకాయ చిప్పతో బురదనీళ్లు చల్లేసి, తేటనీళ్లు ముందు నాకే ఇచ్చింది.

ఆమెను రానివ్వండని కొత్తవాళ్లకు ఒక్కమాట చెప్పాల్సింది. ఆర్డరు మీరిన సంగతి బయటపడుతుందని నోరు మెదపలేదు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే అదే.

మధ్యాహ్నం రెండింటి బండి వంతెన ఎక్కింది. కిటికీలోంచి కిందికి చూశాను. మునెమ్మ బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. కొత్త జవాను బూటుతో ఇసుక నెడుతున్నాడు. ఆమె తలెత్తి బండివైపు చూసింది.

ఇప్పటికీ నీళ్లు తాగేటప్పుడు ఆ ముఖమే కనిపిస్తుంది.