త్రివేణి పెట్టిన అన్‌లాచ్

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మెషీన్లను నడిపే కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే ఓ చిన్న షెడ్డులో వైర్లు బిగించే పనికి చేరింది త్రివేణి. కాప్రా నుంచి షేర్ ఆటోలో వస్తూ పోతూ మెషీన్ ఎప్పుడు తిరగాలో ఎప్పుడు ఆగాలో ప్యానెల్‌కు చెప్పే ల్యాడర్ ప్రోగ్రాములను ఫోన్లోనే నేర్చుకుని, ఓనరు వెంటపడి వెంటపడి, చివరికి "సరే, ఈ ప్రోగ్రాం నువ్వే రాయ్" అనిపించుకుంది. అలా ఆమె చేతికొచ్చిన మొదటి మెషీన్, అదే రోడ్డులో ఉన్న ఓ బిస్కెట్ ఫ్యాక్టరీలోని పిండి మిక్సర్.

ఫ్యాక్టరీ యజమాని విజయభాస్కర్ కోరింది ఒక్కటే. "కరెంటు పోయొచ్చినా మిక్సర్ దానంతట అదే తిరగాలె. పిండి గడ్డ కడితే మస్తు లాస్ అమ్మా."

త్రివేణి ప్రోగ్రాంలో లాచ్ కాయిల్ అనే ఆదేశం పెట్టింది. ఒకసారి స్టార్ట్ నొక్కితే చాలు, అన్‌లాచ్ చేసేదాకా, అంటే ఆ పట్టు విడిపించేదాకా, మోటారు ఆన్‌లో ఉండాలన్న మాటను అది పట్టుకుని కూర్చుంటుంది. కరెంటు పోయినా మరిచిపోదు. అంత జ్ఞాపకం మన నాయకులకు ఉండుంటే ఎంత బాగుండేదో!

ప్యానెల్ అప్పగించే రోజు మిక్సర్ తిరుగుతుండగా కరెంటు పోయింది. అంతే, అక్కడ పనిచేసే లింగమ్మ కొంగు దోపుకుని వచ్చి, రెక్కలకంటిన పిండిని గీకడానికి డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. త్రివేణి కేక పెట్టింది.

"పెద్దమ్మా, చెయ్యి తియ్!"

లింగమ్మ విసుగ్గా తీసింది. "ఏంది బిడ్డా, గట్ల ఒర్లుతున్నవ్? కరెంటు లేనప్పుడే గదా గీకేది. ఇన్నేండ్ల సంది గిదే పని."

నిజమే. పాత స్టార్టరు కరెంటు పోతే పడిపోయేది, మళ్లీ బటన్ నొక్కితేనే లేచేది. ఆ ధైర్యంతోనే అక్కడి ఆడవాళ్లు ఆ వేళ చూసుకుని డ్రమ్ము శుభ్రం చేసేవాళ్లు. కొత్త ప్యానెల్ తీరు వేరని వాళ్లకెవరు చెప్పారు?

ఇది ప్రమాదం, మార్చాలని త్రివేణి చెబితే యజమాని వినలేదు. "నేనడిగినట్టు లేకపోతే ప్యానెల్ వాపస్ తీస్కపో."

మొదటి ప్యానెలే వాపసు పోతే రెండోది ఆమెకెవరిస్తారు? అయినా త్రివేణి మొండిఘటం. అందరినీ దూరంగా నిలబెట్టి, లావుపాటి వెదురుకర్రను రెక్కల మధ్య దూర్చి తానూ పక్కకు జరిగింది. కాసేపటికి కరెంటు వచ్చింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. మిక్సర్ గిర్రున తిరిగింది, కర్ర ఫటేల్‌మని విరిగింది.

విజయభాస్కర్ లింగమ్మ చేతివైపు చూశాడు. "మార్చు తల్లీ," అన్నాడు మెల్లగా.

త్రివేణి ప్రోగ్రాంలో ఒక వరుస కొత్తగా చేర్చింది. కరెంటొచ్చి ప్యానెల్ మేల్కోగానే ముందు అన్‌లాచ్. ఆపైన మోటారు తిరగాలంటే మనిషి వచ్చి స్టార్ట్ నొక్కాల్సిందే.

వారం తిరక్కముందే, ఆమె ఫ్యాక్టరీలో ఉండగానే మళ్లీ కరెంటు పోయింది. మెయిన్ స్విచ్ దించి మరీ గీకమని ఎంత చెప్పినా లింగమ్మది పాత అలవాటే, చెయ్యి డ్రమ్ములోనే ఉంది. త్రివేణి మెయిన్ దగ్గరికి పరుగెత్తేలోపే లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు కదిలాయి. మిక్సర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. లింగమ్మ తలెత్తనైనా లేదు, పక్కామెకు మనవడి అల్లరి చెప్పుకుంటూ గీకుతూనే ఉంది.

త్రివేణి ఆ చేతినే తడికళ్లతో చూస్తూ నిలబడింది.

"ఏంది బిడ్డా, గట్ల జూస్తున్నవ్?"

"ఏం లేదు పెద్దమ్మా. నీ పని గానియ్యి."

లింగమ్మ పని ముగించి, తాపీగా రెండు చేతులూ కడుక్కుని వచ్చి, స్టార్ట్ బటన్ తనే నొక్కింది.