నలభై నిమిషాల నడక

తెనాలి డాక్టరుగారు నా రిపోర్టులు రెండుసార్లు తిరగేసి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "మందు పెంచడం పెద్ద పని కాదమ్మా. మీరు రోజూ నలభై నిమిషాలు నడవాలి. అదే అసలు మందు," అన్నారు.

నేను మా ఆయన మొహం చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆ పొద్దున బాపట్లలో రైలెక్కడానికి ఆయన వెనకనుంచి పట్టుకుని, లోపల్నుంచి ఎవరో పెద్దాయన చెయ్యందిస్తే అప్పుడు ఎక్కాను. నేను వచ్చి కూర్చున్నాకే డాక్టరుగారు పక్కగదిలోంచి వచ్చారు. నా కర్ర గోడకి ఆనించి ఉంది. బల్ల అవతల నుంచి చూసేవాళ్ళకి నేను నడుము నుంచి పైకే కనిపిస్తాను.

"నడవడం కష్టమండి," అన్నాను.

"మొదట్లో అందరికీ కష్టమేనమ్మా," అని చీటీమీద రాసేశారు. బయట ఇంకా ఇరవైమంది ఉన్నారు.

నాకు మూడో ఏట పోలియో వచ్చింది. ఎడమకాలికి తొడ దగ్గర్నుంచీ పట్టు లేదు. ఇనుప కడ్డీలూ తోలు పట్టీలూ ఉన్న కాలిపర్ తొడుక్కుని, చంకలో కర్రతో బడికీ, కాలేజీకీ, ఆ తర్వాత ఆఫీసుకీ తిరిగాను. యాభై ఏళ్ళపాటు బరువంతా కుడికాలే మోసింది. ఇప్పుడు ఆ మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ సంగతి అడిగితే, ఉన్న మంచి కాలు అదొక్కటే, అది మానేదాకా దేనిమీద నిలబడతారని ఎముకల డాక్టరు నన్నే అడిగాడు. ముందు బరువు తగ్గి రమ్మన్నాడు. బరువు తగ్గాలంటే నడవాలి. నడవాలంటే మోకాలుండాలి. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

షుగరు వచ్చిందని తెలిశాక సలహాలు మొదలయ్యాయి. ఆదివారం చర్చి అవగానే ఆడవాళ్ళు చుట్టూ చేరి, తమ అత్తగారు నడిచి ఎంత తగ్గిందో, తోడికోడలు మందులెలా మానేసిందో చెప్పేవాళ్ళు. నా కాలు వాళ్ళకి కనపడక కాదు. చిన్నప్పట్నుంచీ చూసి చూసి, అది నా పక్కన కూర్చునే మనిషిలాగా అలవాటైపోయింది. దానికి నొప్పి కూడా ఉంటుందని ఎవరికీ తట్టదు.

మా ఆఫీసువాళ్ళు ఒకరోజు ఆరోగ్య నడక అని పెట్టారు. అందరితోపాటు నాకూ టీషర్టు ఇచ్చారు. చీరమీద వేసుకోమన్నారు, వేసుకున్నాను. తీరా బయల్దేరేటప్పుడు నన్ను షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టి, తిరిగొచ్చేవాళ్ళకి మజ్జిగ గ్లాసులు అందించమన్నారు. మీరూ పాల్గొన్నట్టే మేడమ్ అని ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టారు. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను. ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

వీళ్ళందరిదీ ఒక ఎత్తు, మా వదినది ఒక ఎత్తు. మా అన్నయ్యా వదినా రేపల్లెలో ఉంటారు. వదిన టీచరుగా చేసి రిటైరయింది. రోజూ పొద్దున్నే నడుస్తుంది, నడిచి తన షుగరు తగ్గించుకుంది కూడా. అందుకని నన్నూ నడిపించి తీరాలని పట్టుబట్టింది. రోజూ ఏడింటికల్లా ఫోన్ చేసి ఇవాళ ఎన్ని అడుగులు వేశావని అడిగేది. అబద్ధం చెప్పలేక కొన్నాళ్ళు ఫోన్ ఎత్తడమే మానేశాను.

పోయిన చలికాలం వాళ్ళ మనవడి బాప్తిస్మానికి రేపల్లె వెళ్తే, మర్నాడు పొద్దున్నే కారులో కృష్ణమీది పెనుమూడి వంతెన దగ్గరికి తీసుకెళ్ళింది. చల్లగాలి, చదునైన రోడ్డు, ఇరవై అడుగులు వేస్తే చాలంది. ఇరవై వేశాను. వదిన పక్కన పైకే లెక్కపెడుతోంది. నలభై దగ్గర ఆగాల్సింది. పంతం వచ్చింది. చీర గాలికి కాలిపర్‌కి చుట్టుకుంటోంది, లారీలు పోతుంటే వంతెన కిందినుంచి అదురుతోంది, నేను మాత్రం ఆగలేదు. నూరు అనేసరికి వదిన చప్పట్లు కొట్టింది. కారుదాకా వెనక్కి మళ్ళీ నూరు అడుగులుంటాయని ఇద్దరం మర్చిపోయాం.

తెల్లారేసరికి మోకాలు వాచిపోయి బిగుసుకుపోయింది. బాపట్ల వచ్చాక పన్నెండు రోజులు సెలవు పెట్టాను. మా ఆయన టీచరు, బాత్రూముకి వెళ్ళాలన్నా ఆయన బడి నుంచి రావాలి. దానికి భయపడి నీళ్ళు తాగడం తగ్గించాను.

వదిన బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చింది. వాపు తగ్గగానే మళ్ళీ మొదలుపెట్టు, ఈసారి పదితో మొదలుపెడదామంది. నేనింక ఆగలేకపోయాను. దుప్పటి పక్కకి లాగేశాను.

"వదినా, ఈ కాళ్ళని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నావు. ఇవాళ ఒక్కసారి సరిగ్గా చూసి, అప్పుడు చెప్పు నడవమని."

చూసింది. ఒకటి పుల్లలాగా, ఒకటి గుమ్మడికాయలాగా. బత్తాయి ఒలుస్తూ, "నువ్వు మాకు దక్కాలనే గదా నా బాధ," అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా కోపం తగ్గలేదు గానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తొనలు తిన్నాను.

ఆ తర్వాత మా ఆయన దగ్గర చదువుకున్న ఒక ముస్లిం అమ్మాయి తెనాలిలో ఫిజియోథెరపీ చేస్తోందని తెలిసి వెళ్ళాం. ఆ అమ్మాయి రిపోర్టులు పక్కన పెట్టి, ముందు కాలిపర్ తీయమంది. రెండు తొడలకీ టేపు పెట్టి కొలిచింది. తర్వాత పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేస్తారో చెప్పమంది. చెప్పాను. మా ఆఫీసు మేడమీద. ఇరవై రెండు మెట్లు. బాత్రూము కింద. రోజుకి మూడుసార్లయినా దిగి ఎక్కాలి.

అక్కడ ఆపింది. "కింద సీటు ఇమ్మని అడగలేదా ఆంటీ?"

అడగలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. వికలాంగుల కోటాలో వచ్చింది, అందుకే కింద కూర్చోబెట్టారని ఎవరూ అనకూడదని నా పట్టుదల.

"మీరు చేసింది తక్కువ కాదు, ఎక్కువ," అంది ఆ అమ్మాయి. "పోలియో తినగా మిగిలిన కండ అది. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే ఆగాలి."

విని సంతోషించాలి కదా. నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పట్నుంచీ అందరూ ఇంకాస్త, ఇంకాస్త అన్నవాళ్ళే. బహుమతులు కూడా ఇచ్చారు. ఇప్పుడు ఈ పిల్ల వచ్చి అదే తప్పంటుంది. తిరిగొచ్చేటప్పుడు రైలు పొన్నూరు దాటేదాకా మా ఆయనతో మాట్లాడలేదు. ఆయన చేసిన తప్పేమీ లేదు, పక్కన ఉన్నారంతే.

ఆ అమ్మాయి కుర్చీలో కూర్చునే నీళ్ళసీసాలు పట్టుకుని చేతులు లేపే వ్యాయామం ఇచ్చింది. వారం తిరక్కుండా కర్ర పట్టే భుజం పట్టేసింది. సగానికి తగ్గించాం. ఇప్పుడు రోజు విడిచి రోజు పది నిమిషాలు. అంత విసుగు పని ఇంకోటి లేదు. అన్నం తగ్గించాను, అది ఇంకా విసుగు. అయినా మూడు నెలలకి షుగరు కాస్త దిగింది.

డాక్టరుగారు రిపోర్టు చూసి ఎంతో సంబరపడ్డారు. "చూశారా, నడక ఎంత పనిచేసిందో."

నేను కర్ర అందుకుని, లేచి, బల్ల పక్కకి వచ్చి నిలబడ్డాను. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తాను. ఆయన మొదటిసారి నా కాళ్ళకేసి చూశారు. ఎప్పట్నుంచి అని అడిగారు, చెప్పాను. చీటీమీద నడక అన్నచోట కొట్టేసి, "ముందే చెప్పాల్సిందమ్మా," అన్నారు.

చెప్పానండీ అనబోయాను. మా ఆయన పదమన్నట్టు చెయ్యి పట్టుకున్నారు. అనకుండానే బయటికొచ్చాను. అనాల్సింది.

ఆ సోమవారం కింద సీటు కోసం అర్జీ పెట్టాను. రాయడానికి రెండు కాగితాలు చింపాల్సొచ్చింది. మా ఆఫీసరు చిన్నామె. చదివి, ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదు మేడమ్ అని ఆశ్చర్యపోయింది. నాలుగు రోజుల్లో నా బల్ల కిందికి దించారు.

కింద గాలి రాదు. ఫ్యాను తిరిగితే కిరకిరలాడుతుంది. తలుపు పక్కనే ఉన్నానని, వచ్చినవాళ్ళంతా ఏ కాగితం ఎక్కడివ్వాలని నన్నే అడుగుతారు. పైవాళ్ళు టీకి పిలవడం మర్చిపోతున్నారు. రోజూ తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మోకాల్లో కొంచెం ఓపిక మిగులుతోంది. ఆ ఓపికతో పొయ్యి దగ్గర కాసేపు నిలబడి పోపు నేనే పెడుతున్నాను. రెండేళ్ళుగా మా ఆయన పెడుతున్నారు, ఒక్కసారి కూడా ఆవాలు మాడకుండా తీయలేదు.